నడుం మోసేటంత

ఇది గుర్రం లేని జీను.
మానుకి తాడేసి, ఆ తాడుకి మనం వేలాడి
తొడల కిందున్న రెండు పట్టీల మీద కూర్చోవడం.
యాభై తొమ్మిదేళ్ళకి ఇదేం కోతి వేషం అంది సిల్వీ.
ఇనప మంచె మోసే భుజం ఇక లేదన్నాను.

వీపు సంచి పనికిరాదు.
మాను చుట్టూ తిరుగుతుంటే కొమ్మకి తగులుతుంది,
కొమ్మ అడవంతటికీ చాటుతుంది.
అందుకే నడుం సంచి.

టైస్టో కొట్లో మొదట చూపించింది
పన్నెండు జేబులది.
పన్నెండు జేబులంటే
పన్నెండు చోట్ల మరిచిపోవడం.
రెండోదాని మూత లాగితే
పాత పంచె చింపినంత చప్పుడు.
మూడోది వెల విని చెయ్యి వెనక్కి తీసుకున్నాను.
బల్ల కింద, ఎవరో తిరిగిచ్చేసింది,
తడి బూడిద రంగు,
ఒకటే కడుపు, ఒకటే నోరు.
"పట్టీ తెగిందది," అన్నాడు టైస్టో.
"ఎలాగూ కోసేసేదే," అన్నాను.

ఒక నడుముకి రెండు పట్టీలు
ఒక పొయ్యి దగ్గర ఇద్దరు వంటవాళ్ళు.
సంచి పట్టీని మొదలంటా కోసేశాను.
మైనం పట్టిన దారంతో, చెప్పులు కుట్టే ఆరెతో
రెండు ఉచ్చులు కుట్టి
జీను వెనక వారుకి తగిలించాను,
బరువు తుంటెముక మీద కూర్చునేట్టు,
మొలతాడులా, ఉందో లేదో తెలియకుండా.
జిప్పు కొసన ఇనప నాలుక తీసేసి తాడు ముడి.
బకిళ్ళకి మనవడి హాకీ కర్ర టేపు.
ఎక్కే మెట్లు నాలుగూ అడుగున సాగే తాడుతో,
ఒకదాన్నొకటి పలకరించుకోకుండా
మధ్యలో పాత మేజోళ్ళు.

గరాజు దూలానికి వేలాడి
కళ్ళు మూసుకుని తడిమాను:
ఎడమ తాడు, కుడి చేతొడుగులు, నడుమ ఫ్లాస్కు.
మంచు పార కోసం వచ్చిన సిల్వీ
దూలాన్నీ నన్నూ చూసి
భోజనం అక్కడికే పంపించనా అంది.

తూస్తే పదకొండు పౌన్లు.
రెండో కత్తి తీశాను. రెండో లైటు తీశాను.
"ఒకవేళ" అన్న మాట ఎంత బరువుంటుందో
వంటింటి త్రాసు చెప్పింది.
ఆరుకి దిగింది.

ఫోను మాత్రం సంచిలో పెట్టలేదు.
కిందటేడు ఓర్వో పదహారడుగుల నుంచి జారాడు.
ఫోను సంచిలో ఉంది,
సంచి పైన కొక్కేనికి ఉంది.
సాయంత్రం నాలుగు దాకా
దాని మోత వింటూ పడున్నాడు.
నాది చొక్కా జేబులో, గుండె మీద, ఈల పక్కన.

అక్టోబరు ఆఖరి శనివారం.
తమరాక్ బురదలో మైలున్నర.
హెమ్లాక్ మాను, తెల్లారడానికి ఇంకా గంట.
తాడు వేశాను, ఎక్కాను, కూర్చున్నాను.
చెయ్యి వేసిన చోటల్లా
అడిగిన వస్తువు అడిగినట్టే.
విల్లు పైకి లాక్కున్నాను.
సుపీరియర్ సరస్సు మీంచి గాలి,
దానికి ఎదురుగా, పన్నెండడుగుల దూరంలో,
ఎనిమిది కొనల కొమ్ముల జింక.

నారి లాగే మీట కోసం మణికట్టు చూసుకున్నాను.

చంకలో పిల్లాణ్ణి పెట్టుకుని
ఊరంతా వెతికాడన్న సామెత
నా దగ్గర తిరగబడింది.
చంకలో ఊరంతా ఉంది,
పిల్లాడే ఇంట్లో ఉన్నాడు.
వంటింటి బల్ల మీద,
మరిచిపోకూడనివి రాసుకున్న కాగితం
ఎగిరిపోకుండా, దాని మీద.

జింక నాచు నాకింది.
నేను బరువు ఎడమ నుంచి కుడికి మార్చాను.
జీను కిర్రనలేదు.
కుట్టు కిర్రనలేదు.
మెట్లు నోరెత్తలేదు.
అది తలెత్తి నా వైపే చూసి
చెట్టునే చూశాననుకుని
మళ్ళీ నాచులో మూతి పెట్టింది.
ఎంతసేపో.
దానికి చెప్పాలనిపించింది,
చూడు, ఆ ఉచ్చులు నేనే కుట్టాను.

ఇంటికొచ్చేసరికి తొమ్మిది.
సిల్వీ ఏమీ అడగలేదు.
మీట తన మణికట్టుకి కట్టుకుని
కాఫీ పోస్తోంది.